ఒక్క ఇల్లు మునిగినా ఓడినట్టే



పోయిన సంచికలో తొమ్మిదో తరగతి చెల్లి ఒకామె మన "వరద ఆట" మీద నాలుగు లైన్లు రాసింది. "గెలిచేవాళ్ళు లేని ఆట ఆటెట్లా అవుతుంది? గెలిస్తే అందరూ గెలుస్తారంట, ఓడితే అందరూ ఓడతారంట. ఈ మాత్రానికి చార్టులు, స్కెచ్ పెన్నులు దండగ" అని ఆమె వాదన. ఆ చెల్లి మన కబడ్డీ జట్టులో రైడరు. అందుకని ఆమె కోపం నాకు అర్థమయింది. ఆ లైన్ల కింద ఎవరో పెన్సిలుతో "నిజమే" అని గీశారు కూడా. (గోడపత్రిక మీద పెన్సిలు పెట్టవద్దని సంపాదకవర్గం ఎన్నిసార్లు మొత్తుకున్నా వినేవాళ్ళు లేరు.) కనుక ఈ నెల నా వంతుకు వచ్చిన షీట్లన్నీ ఈ సంగతికే వాడుకుంటున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అది ఆటే. మంచి ఆట. అయితే అది సైన్సు గది అల్మారాలో ఉండాల్సినది కాదు. మన ఊళ్ళకు పోవాలి, పెద్దవాళ్ళ చేతుల్లో నలగాలి, వాళ్ళు దాని నియమాలు మార్చాలి. అలా జరగకపోతే మాత్రం చెల్లి చెప్పిందే నిజం, అది దండగే.

ఆరు, ఏడు తరగతుల పిల్లలు ఆటను చూడలేదు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఒక పెద్ద చార్టు మీద పైనుంచి కిందికి శబరి గీశాం. అడుగున కూనవరం. అక్కడ శబరి గోదావరిలో కలుస్తుంది. చార్టుకు ఎడమ పక్కన నిచ్చెనలాగ గళ్ళు ఉంటాయి. ఒక్కో గడి ఒక్కో అడుగు, 30 నుంచి 76 దాకా. అది భద్రాచలం దగ్గర గోదావరి కొలత. 43 దగ్గర, 48 దగ్గర, 53 దగ్గర ఎర్ర గీతలు. అవి మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు, వానకాలమంతా మనం వినేవే. పైన రెండు చోట్ల చిన్న పడవ బొమ్మలు వేశాం. ఒకటి 2022 జూలై 16, ఆ రోజు నీళ్ళు 71.3 అడుగులకు వచ్చాయి. ఇంకొకటి 1986 ఆగస్టు, 75.6 అడుగులు. మొదటిది మనం చూసింది. రెండోది మన తాతలు చూసింది.

ఆడేవాళ్ళు అయిదుగురు. ఒక్కొక్కరికీ ఒక్కో ఇల్లు. పల్లంలో వరి చేను ఉన్న ఇల్లు, నాటుపడవ ఉన్న ఇల్లు, కిరాణా కొట్టు ఇల్లు, నడవలేని అవ్వ ఉన్న ఇల్లు, గుట్ట మీద ఇల్లు. పెట్టెలోంచి ఒక వాన చీటీ తీస్తే నీళ్ళు ఎక్కుతాయి లేదా దిగుతాయి. చీటీ చీటీకీ ఒక్కో ఇల్లు రెండు పనులు చెయ్యొచ్చు. గింజలు గుట్ట మీదికి మొయ్యొచ్చు, గొడ్లను తోలొచ్చు, పడవ తిప్పొచ్చు, పక్కింటికి సాయం పోవచ్చు, గట్టున వెదురు నాటొచ్చు. ఎనిమిది చీటీలైతే ఒక వానకాలం. మూడు వానకాలాలు దాటాలి. దాటేసరికి అయిదిళ్ళ మనుషులూ, గింజలూ ఒడ్డున ఉంటే అందరూ గెలిచినట్టు. ఒక్క ఇల్లు పోయినా అందరూ ఓడినట్టు. చార్టు పైన ఆకాశం అని ఒక గుండ్రం ఉంటుంది. అందులో పొగ గింజలు పడుతుంటాయి. అవి అయిదైనప్పుడల్లా పెట్టెలో ఒక ఎర్ర వాన చీటీ కలుపుతాం. అంటే మొదటి వానకాలం కంటే మూడోది కష్టం. పాచికలు లేవు. కాయలు చింతగింజలే.

ఇక చెల్లి ప్రశ్నకు వస్తాను. కబడ్డీలో నువ్వు అవుటై బయట కూర్చుంటే నిన్ను మళ్ళీ లోపలికి తెచ్చేది ఎవరు? నీ జట్టులో ఇంకో అమ్మాయి పాయింటు తెస్తేనే కదా నువ్వు లేచేది. అంటే కబడ్డీలో సగం ఆట కలిసి ఆడేదే. అవతలి జట్టు ఉంది కాబట్టి అది మనకు కనబడదు. వరద ఆటలో అవతలి జట్టు ఏరు. దానికి మొహం లేదు, అంతే తేడా.

మన పులిమేక ఆట చూడండి. మూడు పులులు, పదిహేను మేకలు. మేక పులిని చంపలేదు. పక్కపక్కన నిలబడి దారులు మూయడం ఒక్కటే దానికి తెలిసిన విద్య. ఒక్క మేక తొందరపడి విడిగా పోయిందా, పులి దానిమీదుగా దూకుతుంది. కలిసి ఆడే ఆట మనకు కొత్త కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కానీ ఒక సంగతి ఉంది. పులిమేకలో పదిహేను మేకలనూ నడిపేది ఒకటే చెయ్యి. ఎవరిని ముందు పెట్టాలో, ఎవరిని బలి ఇవ్వాలో ఆ చెయ్యే నిర్ణయిస్తుంది, మేకలు ఏమీ అనవు. ఊళ్ళో అలా కుదరదు. ఊళ్ళో ప్రతి మేకకూ ఒక నోరుంది. ప్రతి మేకకూ ఒక చెయ్యి ఇస్తే ఏమవుతుందో చూపేది వరద ఆట. నాకు దానిలో నచ్చింది ఇదే.

ఈ రకం ఆటలు బయటి దేశాల్లో చాలా ఏళ్ళ నుంచి ఉన్నాయట. మ్యాట్ లీకాక్ అనే అమెరికా ఆయన 2008లో "పాండమిక్" అనే ఆట చేశాడు. అందులో ఆడేవాళ్ళంతా కలిసి ప్రపంచంలో రోగాలు పాకకుండా ఆపాలి. కరోనా రాకముందు పన్నెండేళ్ళ నాటి మాట! ఆయనే మత్తెయో మెనపాచె అనే ఇంకొకాయనతో కలిసి 2023లో "డేబ్రేక్" అని భూమి వేడి మీద ఒక ఆట తెచ్చాడు. దానికి 2024లో జర్మనీలో పెద్ద బహుమతి వచ్చింది. నలుగురు ఆడతారు. ఒకరు అమెరికా, ఒకరు యూరపు, ఒకరు చైనా, నాలుగోవారు మిగిలిన ప్రపంచం. మనమంతా ఆ నాలుగోవాళ్ళ పెట్టెలోనే ఉన్నామన్నమాట. భూమి వేడి రెండు డిగ్రీలు దాటితే నలుగురూ ఓడినట్టే. ఒక్కరి దగ్గర కష్టంలో పడ్డ జనం మరీ ఎక్కువైనా నలుగురూ ఓడినట్టే. మన "ఒక్క ఇల్లు మునిగినా" అన్న నియమానికి మూలం అదే. సైన్సు టీచరు గారు ఆ ఆట సంగతి చెప్పినప్పుడు అందరం ఆ పెట్టె కొనిపించమని అడిగాం. ధర విని ఊరుకున్నాం. ఊరుకోవడమే మంచిదైంది. ఆ పెట్టె వచ్చుంటే మనం శబరిని గీసేవాళ్ళం కాదు.

మన ఆటలో అన్నిటికన్నా ఎక్కువ తగువు పొగ గింజల మీద జరిగింది. ఆకాశంలో గింజ వెయ్యాల్సింది ఎవరు? ఒక జట్టు, అయిదిళ్ళూ కాలానికి ఒక్కో గింజ వెయ్యాలన్నారు. కట్టెల పొయ్యి ఉంది, పోడు కాలుస్తున్నాం, ఇప్పుడు మోటారు సైకిళ్ళు కూడా ఉన్నాయి, మనం మాత్రం తప్పించుకోవడం ఏమిటని వాళ్ళ మాట. వినడానికి బాగుంటుంది. నేను రెండో జట్టు. నా లెక్క ఇది. మన దేశంలో సగటున ఒక మనిషి వాటాకు ఏడాదికి సుమారు రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. అమెరికాలో ఒక మనిషికి సుమారు పద్నాలుగు టన్నులు. పైగా మన రెండు టన్నులు సగటు మాత్రమే. ఆ సగటులో పట్నంలో నాలుగు ఏసీలున్న మేడా ఉంది, గుట్ట మీద కొండరెడ్ల గూడెమూ ఉంది. అందరూ సమానంగా గింజలు వెయ్యాలంటే అది సహకారం కాదు, తప్పుడు కొలత. డేబ్రేక్ ఆటలో కూడా నలుగురి ముందూ సమానమైన మసి పెట్టరు. ఎవరిది ఎంతో అంతే పెడతారు.

చివరికి ఆరో చెయ్యి అని ఒకటి పెట్టాం. దాని తరఫున ఎవరూ కూర్చోరు. కాలానికి అది నాలుగు గింజలు వేస్తుంది. అయిదిళ్ళూ కలిసి ఒక్కటి వేస్తాయి. కొందరికి ఇది నచ్చలేదు. "అట్లయితే మనం ఏం చేసినా వాన చీటీలు పెరుగుతూనే ఉంటాయి, ఇక ఆడటం దేనికి" అన్నారు. ఆ మాట తీసిపారేసేది కాదు. ఆలోచించాను. నాకు తోచిందేమంటే, ఈ ఆట పొగ ఆపడం గురించి కాదు. మనం వెదురు నాటి, అడవి నిలుపుకుని ఒకటి రెండు గింజలు తీయగలం. అది మంచిదే, మనుషులు వదిలే బొగ్గుపులుసు వాయువులో దాదాపు సగం అడవులూ సముద్రాలూ కలిసి పీల్చుకుంటున్నాయట. కానీ మన ఆట అసలు పని, పెరిగే వానను అయిదిళ్ళూ ఎలా తట్టుకోవాలన్నదే. ఆరో చెయ్యి బల్ల మీద కనబడుతూ ఉండాలి, ఎందుకంటే అది దాచేస్తే ఓడిన తప్పంతా పల్లపు ఇంటి మీద పడుతుంది.

సైన్సు ఇక్కడ కాస్త జాగ్రత్తగా చెప్పాలి. 2022 వరద భూమి వేడి వల్లే వచ్చిందని ఒక్క ముక్కలో అనేయడం సరికాదు. 1986లో అంతకన్నా పెద్దది వచ్చింది కదా. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది. పట్టుకున్నది ఎక్కడో ఒకచోట కుమ్మరిస్తుంది. మధ్య భారతంలో చాలా జిల్లాల మీద ఒకేసారి కురిసే అతి భారీ వానలు 1950 నుంచి 2015 లోపల మూడు రెట్లయ్యాయని 2017లో పుణె శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నీళ్ళు ఆ వైపు నుంచే వస్తాయి. 2024 సంవత్సరం, ఫ్యాక్టరీలు రాకముందు కాలంకంటే 1.55 డిగ్రీలు వేడిగా ఉందని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది. 1.5 దగ్గర ఆపడానికి ప్రయత్నిద్దామని దేశాలన్నీ 2015లో ప్యారిస్‌లో అనుకున్నాయి. ఒక్క ఏడాది దాటితే ఒప్పందం పోయినట్టు కాదంటారు గాని, ఎటు పోతున్నామో తెలుస్తూనే ఉంది. అంటే పెట్టెలో ఎర్ర చీటీలు పెరుగుతున్నాయి. ఏ చీటీ ఏ రోజు వస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. ఈ రెండు ముక్కలూ తరగతిలో పాఠంగా విన్నప్పుడు నాకు ఎక్కలేదు. చీటీలు చేత్తో కలిపినప్పుడు ఎక్కాయి.

సంక్రాంతి సెలవుల్లో నేను ఒక చార్టు మా ఊరు తీసుకుపోయాను. ఆ సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నా అభిప్రాయానికి బలం అక్కడే ఉంది.

ముందు మాటతోనే చిక్కు వచ్చింది. ఇది వాతావరణ మార్పు ఆట అన్నాను. మా మామ "వాతావరణం రోజూ మారుద్ది, అదేం కొత్త" అన్నాడు. ఆయన తప్పేం లేదు. తెలుగులో ఈ పూట మబ్బు పట్టినా వాతావరణమే, ముప్పై ఏళ్ళ సగటు మారినా వాతావరణమే, భూమి చుట్టూ ఉన్న గాలి పొర కూడా వాతావరణమే. సోషల్ పుస్తకంలో శీతోష్ణస్థితి అని వేరే మాట ఉంది, దాన్ని పరీక్ష పేపరు బయట ఎవరూ వాడరు. అందుకని కోయలోనే మాట్లాడుకున్నాం. "కాలం తప్పుతోంది" అన్న అర్థం వచ్చేట్టు చెప్పాక ఎవరికీ ఇంకేం చెప్పాల్సిన పని రాలేదు. ఇప్పపువ్వు రాలే రోజుల సంగతి, తునికాకు మీద పడే అకాల వానల సంగతి, విత్తనం వేశాక ఇరవై రోజులు ఎండగొట్టే సంగతి వాళ్ళే ఎత్తుకున్నారు. ఆట మొదలుపెట్టడానికి గంట పట్టింది. ఆ గంట కూడా ఆటలో భాగమే అని నా ఉద్దేశం.

చింతచెట్టు కింద చాప పరిచి కూర్చున్నాం. పడవ ఇల్లు మా మామది, గుట్ట ఇల్లు ఒక తాతది, కొట్టు మా పెద్దమ్మది, మిగిలిన రెండూ ఇద్దరు అన్నలవి. చుట్టూ ఇంకో ఇరవై మంది నిలబడి సలహాలు. రెండో చీటీకే తాత గొడ్లను పైకి తోలేశాడు. నీళ్ళింకా 38 దగ్గరున్నాయి. మన నియమం ప్రకారం 43 దాటి మొదటి హెచ్చరిక వచ్చాకే తోలాలి. ఆ మాట చెప్తే తాత నావంక చూసి, "భద్రాచలం అడుగులు నాకెవడు చెప్తడు బిడ్డా? నేను శబరిని చూస్త. శబరి కిందికి పారుడు ఆపి నిలబడ్డదంటే గోదారి ఎగదంతన్నదని లెక్క. ఇంక రేడియో దేనికి?" అన్నాడు.

ఆ ఒక్క మాటలో భూగోళం పాఠం మొత్తం ఉంది. గోదావరి మట్టం పెరిగితే శబరి నీళ్ళు పోవడానికి దారి ఉండదు, వెనక్కు నిలబడతాయి. పుస్తకంలో దాన్ని వెనుక నీరు అంటారు. తాత ఒడ్డున కూర్చుని నేర్చుకున్నాడు. అప్పటికప్పుడు ఒక చీటీ చించి "నీళ్ళు నిలబడ్డాయి" అని రాసి పెట్టెలో వేశాం. అది వచ్చినప్పుడు ఎవరైనా చూసి చెప్తే, హెచ్చరిక కోసం ఆగకుండా అందరూ ఒక పని ఎక్కువ చెయ్యొచ్చు. ఆ నియమం ఇప్పుడు మన బడి చార్టులో కూడా ఉంది. అది రాసింది మనం కాదు, తాత.

తరువాత పడవ దగ్గర గొడవ వచ్చింది. నీళ్ళు 53 దాటాయి. మామ తన రెండు పనులూ సొంత గింజలు మొయ్యడానికే వాడాడు. నడవలేని అవ్వ ఇల్లు ఆడుతున్న అన్న "పడవ ఇటు పంపు" అంటే "ఈ చీటీ అయినాక" అన్నాడు. తరువాతి చీటీ ఎర్రది వచ్చింది. అవ్వ ఇల్లు మునిగింది, ఆట అయిపోయింది. అంతే, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. కొందరు నవ్వలేదు. 2022లో ఎవరి పడవ ముందు ఎటు పోయింది, ఎవరి వాకిట్లో టార్పాలిన్ పట్టా ఎన్ని రోజుల తర్వాత వచ్చింది అన్నవి ఊళ్ళో ఇంకా ఆరని సంగతులు. ఒక వదిన లేచి "ఆటలో కూడా అంతే చేసినవ్" అని విసురుగా పోయింది. మామ మొహం మాడిపోయింది. పెద్దమ్మ కల్పించుకుని "పడవ ఒక్కడిదే అయితే వాడు ఇంకేం చేస్తడు? నీళ్ళు పెరిగేటప్పుడు వాడి ఇల్లు మునగదా? పడవకు కావలసింది ఊరంతా ముందే పెట్టుంటే అడగొచ్చు" అన్నది. అక్కడినుంచి మాట మారింది. పడవకు తారు పూత ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, ఆడవాళ్ళ సంఘం డబ్బుల్లోంచి ఇవ్వొచ్చా, ఇస్తే పడవ మొదటి రెండు తిరుగుళ్ళూ ఎవరికోసం అని. ఆ రాత్రి తేలలేదు. మళ్ళా రెండు సాయంత్రాలు కూర్చున్నారు. చింతగింజలు పక్కన పడున్నాయి, ఎవరూ ముట్టలేదు.

ఇది చదివి కొందరు, చూశావా ఊళ్ళో లేని తగువు పెట్టొచ్చావు అనవచ్చు. తగువు ఉన్నదే. వరద మధ్యలో అది తెగదు, అప్పుడు ఎవరికీ వినే తీరిక ఉండదు. పుష్యమాసంలో చెట్టు కింద చలి కాచుకుంటూ అయితే తెగే అవకాశం ఉంది. చార్టు మీద పడవ ఎవరి సొంతమూ కాదు కాబట్టి మామను అనకుండా పడవను అనొచ్చు. ఆ చాటు మనుషులకు కావాలి.

ఇంకో సాయంత్రం ఆడవాళ్ళే అయిదుగురు ఆడారు. వాళ్ళకు మన చార్టులో నచ్చనిది ఒకటి దొరికింది. తాగే నీళ్ళ గడి లేదు! చుట్టూ అంత నీరున్నా వరదలో ముందు కరువయ్యేది తాగే నీరే, బోరింగు మునిగిపోతుంది కదా. అది రాసి పెట్టుకున్నాను. వాళ్ళు గెలిచారు కూడా. మగవాళ్ళు రెండుసార్లు ఓడారని నేను ఎక్కడా చెప్పలేదు, అయినా తెల్లారేసరికి ఊరంతా తెలిసింది.

"ఆట ఆడితే మాత్రం ఊరు మారుతుందా?" అని మన టీచర్లలోనే ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. మన రాష్ట్రంలోనే దీనికి ఒక జవాబు ఉంది. కరువు పల్లెల్లో బోర్లు ఎండిపోతుంటే, ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే సంస్థా, అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధనా సంస్థా కలిసి రైతులతో భూగర్భ జలాల ఆట ఆడించాయి. అయిదుగురు రైతులు. భూమిలో నీళ్ళు అందరివీ ఒకటే. ప్రతి ఏడూ ఎవరికి వారు ఎక్కువ నీళ్ళు తాగే పంటో, తక్కువ తాగే పంటో ఎంచుకోవాలి. ఎక్కువ తాగే పంటకు డబ్బు ఎక్కువ. మొదటి విడత ఒకరితో ఒకరు మాట్లాడకుండా, రెండో విడత మాట్లాడుకుని ఆడతారు. అయ్యాక ఊరంతా కూర్చుని అనుకోవాలి. వాటి ఫలితాలు 2016లో, 2018లో అచ్చయ్యాయి. ఆట ఆడిన ఊళ్ళలో నీటి లెక్కల రిజిస్టరు పెట్టుకోవడం, నీటి వాడకానికి కట్టుబాట్లు చేసుకోవడం ఆడని ఊళ్ళకంటే ఎక్కువగా జరిగిందట. చార్టు, గింజలు, ఊరి మాటలు, అంతకు మించి అందులో మాయ ఏమీ లేదు.

అయినా ఆటకు లేని బలం అంటగట్టకూడదు. ఆట పడవ కాదు. పట్టా కాదు. మిట్ట మీద ఇల్లు కాదు. రేపు ఎవరో జీపులో వచ్చి మనచేత ఆడించి, చప్పట్లు కొట్టి, ఫొటో తీసుకుని "ఈ ఊళ్ళో వరద అవగాహన పూర్తయింది" అని రాసుకుపోతే అంతకన్నా అన్యాయం ఉండదు. ఆట అయ్యాక ఊరికి ఏమేం లేవో ఒక కాగితం తయారవ్వాలి, అది గ్రామసభలో చదవాలి. మా ఊళ్ళో తయారైంది. రెండు పడవలు, ఒక మైకు, గుట్ట మీద ఒక చేతిపంపు. చిన్న కాగితమే. ఆట ఆడినవాళ్ళందరి వేలిముద్రలూ, సంతకాలూ ఉన్నాయి.

మనం చేసే పొరపాటు గురించి కూడా ఒక మాట. బడి చదువు చదివినవాళ్ళం కదా, చార్టు ముందు కూర్చోగానే "అత్తా ఇట్లా పెట్టు, తాతా అది కాదు" అని చెయ్యి పట్టుకుని ఆడిస్తాం. కలిసి ఆడే ఆటలకు ఉన్న పెద్ద జబ్బు ఇదే. బాగా తెలిసినవాళ్ళు ఒక్కరే అందరి ఎత్తులూ వేసేస్తారు, మిగిలినవాళ్ళు గింజలు జరుపుతారు. అప్పుడది పులిమేక కన్నా హీనం. సర్పంచి కూర్చున్నా ఇదే ప్రమాదం. అందుకని నా సలహా, మనం అసలు ఆడవద్దు. చీటీ చదివిపెట్టే పని మాత్రం చేద్దాం. పెద్దవాళ్ళు ఒక నియమం తప్పంటే వాదించవద్దు, రాసుకుందాం.

ఓటమి నియమం దగ్గర మాత్రం నేను గట్టిగా ఉంటాను. మా ఊళ్ళో ఒకాయన "అయిదిళ్ళలో నాలుగు దక్కితే గెలిచినట్టే అనుకోవచ్చు కదా, లోకంలో అంతకన్నా ఎక్కడ దక్కుతయ్" అన్నాడు. చాలామంది తలలూపారు. మన తరగతిలో కూడా ఆ మాట అన్నవాళ్ళున్నారు, ఆట మరీ కష్టంగా ఉందని. కష్టంగానే ఉండనివ్వండి. నాలుగు చాలంటే ఏ నాలుగు అన్నది మొదటి చీటీకే తెలిసిపోతుంది. పల్లపు ఇంటినీ, నడవలేని అవ్వనూ లెక్కలోంచి తీసేసి మిగిలినవాళ్ళు హాయిగా ఆడుకుంటారు. గుట్ట మీద ఇంటికి ఇక పనే ఉండదు. ఒక్క ఇల్లు మునిగినా అందరూ ఓడినట్టే అంటేనే గుట్ట మీద మనిషి కిందికి దిగొస్తాడు. మా తాత దిగొచ్చాడు. గొడ్లను తోలేశాక ఆయన చేసిన పనులన్నీ అవ్వ ఇంటికోసమే. పడవ లేక అవి చాల్లేదు.

ఇదంతా విని, ఆ సాయంత్రమే మా ముసలవ్వ ఒకామె చార్టు మీదికి వంగి, ఖాళీగా ఉన్న ఆరో చోటు చూపించి అడిగింది, "ఈ నాలుగు గింజలేసేవాడు ఎక్కడ కూచున్నడు? వాణ్ణి గూడ పిలువుండ్రి, చాప మీద కూచోమనుండ్రి" అని. వాళ్ళు కూర్చునే చాప వేరే ఉందనీ, ఏడాదికోసారి ఏదో ఒక దేశంలో పరుస్తారనీ చెప్పాను. "మనల్ని పిలిచిన్రా?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. టీచరు గారిని అడిగితే, ఆమె ఆ ప్రశ్నను అట్లాగే చార్టు అడుగున రాయమన్నారు. రాశాం. చూడండి, ఎర్ర స్కెచ్‌తో ఉంది.

సరే, పనికి వస్తాను. వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. పొద్దున్నే తునికాకుకు పోతారు కాబట్టి సాయంత్రాలే కుదురుతుంది. జూన్ రాకముందే ఆడాలి, వానలు మొదలయ్యాక ఎవరూ కూర్చోరు. ఇప్పటికి తొమ్మిది చార్టులు తయారయ్యాయి. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాల పిల్లలు ముందు తీసుకోవాలని నా మనవి, మన దగ్గరే నీళ్ళు ముందు వస్తాయి. గుట్టల మీద ఊళ్ళవాళ్ళకు ఈ చార్టు సరిపోదు. మీకు వరద కాదు, ఊట ఎండిపోవడం కష్టం. మీ చార్టు మీరే గీసుకోవాలి, కాగితాలు ఇప్పిస్తాం. బడి తెరిచాక మీ ఊళ్ళో మార్చిన నియమాలన్నీ ఇదే గోడ మీద పెడదాం. ఆ సంచికకు కబడ్డీ చెల్లి రాయడానికి ఒప్పుకుంటే నాకు సంతోషం. ఆమెది గోదావరి ఒడ్డు ఊరే.

పేర్లు పదో తరగతి బి సెక్షన్‌లో ఇవ్వండి. గింజలు మా దగ్గర అయిపోయాయి, మీ ఇంటి చింతపండు లోవే తీసిపెట్టుకోండి.